అమెరికా సరిహద్దు గోడ: మీ ఫోన్‌కు వచ్చిన ఫార్వర్డ్‌లో నిజమెంత? ఇలా తేల్చుకోండి

‘గోడ పూర్తయిపోయింది, ఇక చీమ కూడా దూరలేదు’ అని ఒక వీడియో. ‘గోడ పనులు ఆగిపోయాయి, వెళ్లాలనుకుంటే ఇదే సమయం’ అని ఇంకో మెసేజ్. అమెరికా-మెక్సికో సరిహద్దు గోడ గురించి ఈ రెండూ ఒకే రోజు, ఒకే వాట్సాప్ గ్రూపులో కనిపించినా ఆశ్చర్యం లేదు.

ఎక్కడో ఉన్న గోడతో మనకేంటి అనుకోవద్దు. పిల్లలు అమెరికాలో చదువుతున్న, ఉద్యోగం చేస్తున్న ఇళ్లు తెలుగు రాష్ట్రాల్లో ఊరూరా ఉన్నాయి. వీసాతో విమానంలో వెళ్లినవారికీ ఈ గోడకూ సంబంధం లేదు. అయినా ఇలాంటి ఫార్వర్డ్ చూసి రాత్రంతా నిద్రపోని తల్లిదండ్రులు ఉంటారు. మరోవైపు, వీసా దొరకనివారికి ‘దొడ్డిదారి ఉంది’ అని లక్షలు గుంజే ఏజెంట్లు ఉన్నారు. వాళ్ల వ్యాపారమంతా ఇలాంటి అరకొర సమాచారం మీదే నడుస్తుంది.

గోడ మంచిదా చెడ్డదా అన్నది అమెరికా రాజకీయం. దానిపై మీ అభిప్రాయం మీది. ఈ కథనం చెప్పేది ఒక్కటే: గోడ గురించి తిరిగే ప్రచారంలో చాలావరకు అంకెలు తప్పు కావు. ఆ అంకె దేన్ని కొలుస్తోందో చెప్పే మాటే మారిపోతుంది. ఫొటోలూ అంతే. ఫొటో నిజమే ఉంటుంది, చోటో తేదీయో మారిపోతుంది. ఈ కిటుకు పట్టుకుంటే ఎక్కువ ఫార్వర్డ్‌ల సంగతి మీరే తేల్చేయగలరు.

అసలు గోడ ఎంత ఉంది?

అమెరికా-మెక్సికో సరిహద్దు పొడవు 1,954 మైళ్లు. అంటే సుమారు 3,145 కిలోమీటర్లు. అమెరికా వైపు కాలిఫోర్నియా, అరిజోనా, న్యూ మెక్సికో, టెక్సస్ రాష్ట్రాలు ఉన్నాయి. ఇందులో దాదాపు 2,000 కిలోమీటర్ల మేర టెక్సస్‌కు సరిహద్దు రియో గ్రాండే నదే. నదిలో గోడ కట్టలేరు. వరద నీటిని అడ్డుకునే, అవతలి దేశం వైపు మళ్లించే కట్టడాలు కట్టకూడదని రెండు దేశాలకూ 1970లో ఒప్పందం కూడా ఉంది. అందుకే టెక్సస్‌లో గోడ నదికి ఎడంగా, అమెరికా భూభాగం లోపల వస్తుంది. అక్కడ ఎక్కువగా ప్రైవేటు భూములే. భూసేకరణ, పరిహారం, కోర్టు కేసులు మనకు తెలిసినవే, అక్కడా అవే.

కంచె కట్టడం ట్రంప్‌తో మొదలు కాలేదు. 1990ల్లోనే శాన్ డియేగో దగ్గర, వియత్నాం యుద్ధకాలంలో హెలికాప్టర్లు దిగడానికి వాడిన ఉక్కు పలకలతో కంచె వేశారు. 2006లో జార్జ్ బుష్ సంతకం చేసిన ‘సెక్యూర్ ఫెన్స్ యాక్ట్’తో పని ఊపందుకుంది. 2017 జనవరిలో ట్రంప్ తొలిసారి అధ్యక్షుడయ్యే నాటికే 654 మైళ్ల మేర, అంటే 1,050 కిలోమీటర్లకు పైగా ఏదో ఒక అడ్డుకట్ట ఉంది. అయితే అందులో సుమారు 300 మైళ్లు వాహనాలను ఆపేవి మాత్రమే. మనిషి దాన్ని సులువుగా దాటేయొచ్చు.

ఇప్పుడు ‘గోడ’ అంటున్నది కూడా ఇటుక గోడో కాంక్రీటు గోడో కాదు. పక్కపక్కన నిలబెట్టిన ఉక్కు స్తంభాలు, మధ్యలో నాలుగంగుళాల సందు, లోపల కాంక్రీటు, 18 నుంచి 30 అడుగుల ఎత్తు. టెక్సస్‌లో కొన్నిచోట్ల వరద కట్ట మీద కాంక్రీటు గోడ, దానిపైన ఈ స్తంభాలు ఉంటాయి.

ఈ కొలతలు గుర్తుంటే ఇక ప్రచారాల సంగతి చూద్దాం.

ప్రచారం: ‘ట్రంప్ మొదటి నాలుగేళ్లలో 450 మైళ్ల కొత్త గోడ కట్టారు.’ దీనికి ఎదురు ప్రచారం: ‘కట్టింది 52 మైళ్లే.’

రెండు అంకెలూ అమెరికా కస్టమ్స్, సరిహద్దు రక్షణ సంస్థ సీబీపీ లెక్కల్లోవే. 2021 జనవరి నాటికి పూర్తయిన మొత్తం పని 458 మైళ్లు. అందులో 373 మైళ్లు పాత కంచె తీసేసి దాని స్థానంలో కట్టినవి. అంతకుముందు ఏ అడ్డూ లేనిచోట కొత్తగా కట్టిన ప్రధాన గోడ 52 మైళ్లు. ప్రధాన గోడ వెనక రెండో వరుసగా కొత్తగా కట్టింది మరో 33 మైళ్లు.

458 చెప్పేవారు ‘పాతది మార్చినది’ అన్న మాట మింగేస్తారు. 52 చెప్పేవారు, దూకి దాటగలిగే వాహనాల అడ్డుకట్ట స్థానంలో 30 అడుగుల ఉక్కు గోడ వస్తే అదీ పెద్ద మార్పేనన్న సంగతి దాటేస్తారు. ఈ రెండింట్లో ఏ అంకె వచ్చినా అది ‘కొత్తదా, మార్చినదా’ అని అడగండి.

ప్రచారం: ‘గోడకు డబ్బు మెక్సికోనే ఇచ్చింది.’

తప్పు. 2016 ఎన్నికల్లో ట్రంప్ ఇచ్చిన హామీ అది. మెక్సికో ఒప్పుకోలేదు. అప్పటి మెక్సికో అధ్యక్షుడు ఎన్రికే పెన్యా నియెతో 2017 జనవరిలో ట్రంప్‌తో జరగాల్సిన భేటీనే రద్దు చేసుకున్నారు.

గోడ నిధుల కోసం 2018 డిసెంబర్ 22 నుంచి 35 రోజుల పాటు అమెరికా ప్రభుత్వ కార్యాలయాల్లో కొన్ని మూతపడ్డాయి. ట్రంప్ అడిగింది 570 కోట్ల డాలర్లు, చివరికి ఆ దేశ పార్లమెంటు అయిన కాంగ్రెస్ ఇచ్చింది 137.5 కోట్లు. దాంతో 2019 ఫిబ్రవరి 15న ఆయన జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటించి రక్షణ శాఖ నిధులను ఇటు మళ్లించారు. ఆ నాలుగేళ్లలో గోడకు కేటాయించిన మొత్తం సుమారు 1,500 కోట్ల డాలర్లు. అంతా అమెరికా ఖజానాదే. కొత్త వాణిజ్య ఒప్పందం ద్వారా మెక్సికో పరోక్షంగా చెల్లిస్తోందని ట్రంప్ వాదించారు. కానీ ఆ ఒప్పందంలో మెక్సికో గోడకు డబ్బు కట్టాలన్న నిబంధన లేదు.

ఇక 2025 జులై 4న ట్రంప్ సంతకం చేసిన చట్టంలో సరిహద్దు అడ్డుకట్టలకు 4,650 కోట్ల డాలర్లు ఉన్నాయి. ఇదీ అమెరికన్ల పన్ను సొమ్మే. ‘ఇన్ని వేల కోట్ల గోడ వచ్చేసింది’ అని ఎవరైనా అంటే జాగ్రత్త. కేటాయించిన డబ్బు వేరు, ఖర్చయిన డబ్బు వేరు, నిలబడిన గోడ వేరు. మన బడ్జెట్ వార్తలు చదివేవారికి ఈ తేడా విడమర్చి చెప్పనక్కర్లేదు.

ప్రచారం: ‘ట్రంప్ పార్టీ గోడ కడుతుంది, డెమొక్రాట్లు పూర్తిగా ఆపేస్తారు.’

చరిత్ర ఇంత సూటిగా లేదు. 2006 చట్టం సెనేట్‌లో 80-19 ఓట్లతో నెగ్గింది. అనుకూలంగా ఓటేసినవారిలో అప్పటి సెనేటర్లు బరాక్ ఒబామా, హిల్లరీ క్లింటన్, జో బైడెన్ ఉన్నారు.

2021 జనవరి 20న, పదవి చేపట్టిన రోజే బైడెన్ గోడ పనులు ఆపారు. ఇది నిజం. కానీ 2023 అక్టోబర్‌లో ఆయన ప్రభుత్వమే టెక్సస్‌లోని స్టార్ కౌంటీలో సుమారు 20 మైళ్ల గోడ కోసం 26 ఫెడరల్ చట్టాలను పక్కన పెట్టింది. 2019లోనే ఆ పనికి నిధులు కేటాయించారని, వాటిని వేరే పనికి మళ్లించమంటే కాంగ్రెస్ ఒప్పుకోలేదని బైడెన్ చెప్పారు. గోడ పనిచేస్తుందని నమ్ముతున్నారా అని విలేకరులు అడిగితే ‘లేదు’ అన్నారు.

కట్టేది కేంద్ర ప్రభుత్వం ఒక్కటే కాదన్నది ఇంకో మెలిక. 2022లో అరిజోనా రాష్ట్ర ప్రభుత్వం ఓడల్లో వాడే కంటైనర్లను వరుసగా పేర్చింది. కేంద్రంతో వివాదం తర్వాత వాటిని తీసేసింది. టెక్సస్ రాష్ట్రం సొంత డబ్బుతో వేరే గోడ మొదలుపెట్టింది. ప్రజల నుంచి విరాళాలు పోగేసి గోడ కడతామన్న ‘వుయ్ బిల్డ్ ద వాల్’ అనే ప్రచారానికి 2.5 కోట్ల డాలర్ల దాకా వచ్చాయి. ఆ డబ్బు దారి మళ్లించిన కేసులో దాన్ని స్థాపించిన వ్యక్తికి 2023లో నాలుగేళ్లకు పైగా జైలుశిక్ష పడింది. కాబట్టి గోడ వీడియో వస్తే ‘ఇది ఎవరు కట్టింది’ అన్నది కూడా ప్రశ్నే.

ప్రచారం: ‘గోడ కట్టాక చొరబాట్లు ఆగిపోయాయి.’ లేదా, ‘గోడ వల్ల ఏమీ కాలేదు.’

ఇక్కడ తేదీలు పక్కపక్కన పెట్టి చూడాలి. 2023 డిసెంబర్‌లో దక్షిణ సరిహద్దులో బోర్డర్ పెట్రోల్‌కు చిక్కినవారు దాదాపు 2.5 లక్షలు. అది ఒక నెల రికార్డు. 2024లో మెక్సికో తనవైపు తనిఖీలు పెంచింది, జూన్‌లో బైడెన్ ప్రభుత్వం ఆశ్రయం నిబంధనలు బిగించింది. డిసెంబర్ నాటికి ఆ సంఖ్య 50 వేల లోపునకు వచ్చింది. ట్రంప్ మళ్లీ వచ్చి ఆశ్రయం దారి దాదాపు మూసేశాక 2025 మార్చిలో సుమారు 7 వేలకు పడిపోయింది. గోడకు 4,650 కోట్ల డాలర్లు ఇచ్చిన చట్టం వచ్చింది జులైలో. అంటే భారీ తగ్గుదల ఆ డబ్బుతో కట్టే గోడ కన్నా ముందే వచ్చింది. జులైలో ఇచ్చిన మందు మార్చిలో జ్వరం తగ్గించదు కదా.

అలాగని గోడకు ఏ ప్రభావమూ లేదనడం కూడా సరికాదు. 1992లో శాన్ డియేగో సెక్టార్‌లో 5.6 లక్షల మంది పట్టుబడ్డారు. కంచె వేసి, గస్తీ పెంచాక 2000 నాటికి అది 1.5 లక్షలకు తగ్గింది. కానీ అదే 2000లో ఎడారి ప్రాంతమైన అరిజోనాలోని టూసాన్ సెక్టార్‌లో 6.1 లక్షలు దాటింది. దారి మూసుకోలేదు, పక్కకు జరిగింది. అదీ మరింత ప్రమాదకరమైన చోటుకు.

2019 ఫిబ్రవరిలో కాంగ్రెస్‌లో ప్రసంగిస్తూ ట్రంప్, ఒకప్పుడు దేశంలో అత్యంత ప్రమాదకర నగరాల్లో ఒకటైన ఎల్ పాసో గోడ కట్టగానే సురక్షితమైందన్నారు. పోలీసు లెక్కలు వేరే చెబుతున్నాయి. ఆ నగరంలో హింసాత్మక నేరాలు అత్యధికంగా నమోదైంది 1993లో. కంచె వచ్చింది 2008-09లో. ఆ మధ్యలోనే నేరాలు బాగా తగ్గాయి. ట్రంప్ పార్టీకే చెందిన అప్పటి మేయర్ డీ మార్గో సైతం ఆ మాట తప్పని చెప్పారు.

ఇక గోడను ఎవరూ దాటలేరన్నదీ నిజం కాదు. 2019 నుంచి 2021 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో గోడను 3,272 సార్లు కోశారని సీబీపీ రికార్డుల ఆధారంగా వాషింగ్టన్ పోస్ట్ రాసింది. వాడింది హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే మామూలు రంపపు మెషిన్లే.

ప్రచారం: ‘ఒక్క ఏడాదిలో 22 లక్షల మంది చొరబడ్డారు.’

సీబీపీ లెక్కల్లో ‘ఎన్‌కౌంటర్’ అనే మాట ఉంటుంది. మన దగ్గర ఆ మాటకు అర్థం వేరు కాబట్టి, ‘అమెరికా సరిహద్దులో లక్షల ఎన్‌కౌంటర్లు’ అని అనువాద యాప్ చూపిస్తే కంగారు పడొద్దు. అక్కడ దాని అర్థం, అధికారులకు ఎదురుపడిన సందర్భం. అంతే.

2022 ఆర్థిక సంవత్సరంలో దక్షిణ సరిహద్దులో బోర్డర్ పెట్రోల్ లెక్క 22 లక్షలు. అధికారిక ప్రవేశ ద్వారాల దగ్గరివి కూడా కలిపితే 23.8 లక్షలు. రెండూ సరైనవే, కొలిచింది వేరు. కానీ ఇవి సందర్భాలు, మనుషులు కాదు. ఒకే మనిషి మూడుసార్లు పట్టుబడితే మూడుగా లెక్క. కోవిడ్ సమయంలో ‘టైటిల్ 42’ అనే నిబంధన కింద పట్టుబడినవారిని వెంటనే వెనక్కి పంపేవారు, కేసు ఉండేది కాదు. దాంతో చాలామంది మళ్లీమళ్లీ ప్రయత్నించారు. 2021లో పట్టుబడినవారిలో 27 శాతం మంది అదే ఏడాది ఒకటికి మించిసార్లు దొరికారు. పైగా ఆ 22 లక్షల్లో వెనక్కి పంపినవారూ ఉన్నారు, కోర్టు విచారణ కోసం లోపలికి వదిలినవారూ ఉన్నారు. అధికారుల కంట పడకుండా వెళ్లినవారు ఈ లెక్కలో ఉండరు. అందుకే ‘22 లక్షల మంది వచ్చేశారు’ అనడం మూడు రకాలుగా తప్పు.

ఇంకో చిక్కు. అమెరికా ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలై సెప్టెంబర్ 30న ముగుస్తుంది. ‘2024’ అని ఉన్న అంకెలో 2023 చివరి మూడు నెలలూ ఉంటాయి.

ప్రచారం: ‘గోడ కడితే డ్రగ్స్ ఆగిపోతాయి.’

అమెరికాలో ఎక్కువ ప్రాణాలు తీస్తున్న మత్తుమందు ఫెంటనిల్. పట్టుబడిన ఫెంటనిల్‌లో దాదాపు 90 శాతం దొరికింది కార్లు, లారీలు మామూలుగా వచ్చిపోయే అధికారిక ద్వారాల దగ్గర, రోడ్ల మీది చెక్‌పోస్టుల దగ్గర. ఫెంటనిల్ రవాణా కేసుల్లో శిక్ష పడినవారిలో 80 శాతానికి పైగా అమెరికా పౌరులే. గేటులోంచి వచ్చేదాన్ని గోడ ఆపలేదు. అయితే ఇవి పట్టుబడిన సరుకు లెక్కలు మాత్రమే. పట్టుబడనిది ఎటునుంచి వస్తోందో ఈ అంకెలు చెప్పవు. ఈ షరతు చెప్పకుండా 90 శాతం అంకె వాడినా అది సగం నిజమే.

ఫొటోలు, వీడియోల సంగతి

2016 జనవరిలో ట్రంప్ తొలి టీవీ ప్రకటనలో, దక్షిణ సరిహద్దు దగ్గర గుంపులుగా పరిగెడుతున్న జనాన్ని చూపించారు. ఫ్యాక్ట్ చెక్ సంస్థ పొలిటీఫ్యాక్ట్ ఆరా తీస్తే అది మెక్సికో కాదు, మొరాకో-మెలిల్లా సరిహద్దు. ఆఫ్రికా తీరంలో స్పెయిన్ పాలనలో ఉన్న ఊరు అది. ప్రచార బృందం ఆ దృశ్యాలు కావాలనే వాడామని చెప్పుకొంది.

నునుపైన ఎత్తైన కాంక్రీటు గోడ ఫొటో వస్తే ముందు అనుమానించండి. 2017లో శాన్ డియేగో దగ్గర ఎనిమిది నమూనా గోడలు కట్టారు. వాటిలో కాంక్రీటువీ ఉన్నాయి. 2019 ఫిబ్రవరిలో అన్నిటినీ కూల్చేశారు. వాటి ఫొటోలు మాత్రం ఇంకా దొరుకుతాయి.

‘గాలికి కూలిన ట్రంప్ గోడ’ వీడియో చూసే ఉంటారు. ఘటన నిజమే. 2020 జనవరి 29న కాలిఫోర్నియాలోని కలెక్సికో దగ్గర కొన్ని పలకలు గాలికి మెక్సికో వైపు ఒరిగాయి. కానీ అవి అప్పుడే నిలబెట్టినవి, పునాది కాంక్రీటు ఇంకా గట్టిపడలేదు. పూర్తయిన గోడ కూలడం కాదది.

మనకు బాగా దగ్గరి ఉదాహరణ 2025 ఫిబ్రవరి 5నాటిది. ఆ రోజు 104 మంది భారతీయులతో అమెరికా సైనిక విమానం అమృత్‌సర్‌లో దిగింది. చేతులకు బేడీలు, కాళ్లకు గొలుసులతో ఉన్న కొందరి ఫొటో ‘మనవాళ్లే’ అంటూ తిరిగింది. అది గ్వాటెమాలాకు పంపినవారి ఫొటో అని పీఐబీ ఫ్యాక్ట్ చెక్ తేల్చింది. ‘అయితే బేడీలు వేయలేదన్నమాట’ అని చాలామంది అనుకున్నారు. కానీ ఆ వెంటనే అమెరికా బోర్డర్ పెట్రోల్ చీఫ్ పెట్టిన వీడియోలో మనవాళ్లు గొలుసులతోనే విమానం ఎక్కుతూ కనిపించారు. ఇలా కట్టడి చేయడం 2012 నుంచి అమల్లో ఉన్న పద్ధతేనని, మహిళలకు, పిల్లలకు వేయలేదని అమెరికా తమకు చెప్పిందని విదేశాంగ మంత్రి జైశంకర్ ఫిబ్రవరి 6న రాజ్యసభలో చెప్పారు.

ఫొటో అబద్ధం, విషయం నిజం. ‘ఫేక్’ అన్న ముద్ర ఆ ఫొటోకు వర్తించిందే తప్ప ఆ ఘటనకు కాదు. ఫ్యాక్ట్ చెక్ చదివినప్పుడు వాళ్లు దేన్ని తప్పన్నారో కచ్చితంగా చూసుకోవాలి.

మనవాళ్ల లెక్క

‘ఒక్క ఏడాదిలో 97 వేల మంది భారతీయులు గోడ దూకారు’ అన్న మాట కూడా వినే ఉంటారు. 2023 ఆర్థిక సంవత్సరంలో సీబీపీకి ఎదురుపడిన భారతీయుల సంఖ్య 96,917. కానీ అది దేశం మొత్తానిది. మెక్సికో సరిహద్దులో 41,770, కెనడా సరిహద్దులో 30,010, మిగతావి ఇతర చోట్ల. కెనడా సరిహద్దులో గోడే లేదు. మెక్సికో వైపు వచ్చినవారిలోనూ చాలామంది గోడ దూకరు. గోడ లేనిచోట దాటి, ఆశ్రయం కోరుతూ అధికారులకు లొంగిపోతారు. ఆశ్రయం నిబంధనలు మారినప్పుడల్లా ఆ దారిలో వెళ్లినవారి భవిష్యత్తు తలకిందులయ్యేది అందుకే.

దాటినవారందరి కథా అక్కడిదాకా కూడా రాదు. 2019 జూన్‌లో అరిజోనా ఎడారిలో ఆరేళ్ల పంజాబీ పాప ఎండకు తాళలేక చనిపోయింది. 2022 డిసెంబర్‌లో గుజరాత్‌కు చెందిన ఒక వ్యక్తి భార్య, చిన్న కొడుకుతో కలిసి మెక్సికోలోని టిజువానా దగ్గర గోడ దాటుతూ పైనుంచి పడి ప్రాణాలు కోల్పోయారు. ‘గోడ దాటడం పెద్ద విషయం కాదు’ అని ఎవరైనా మీకు చెబితే, ఆ ఒక్క మాటకు ఫ్యాక్ట్ చెక్ ఇదే.

మీ ఫోన్‌లోనే ఇలా చూసుకోండి

1. ముందు కొలిచే మాట పట్టుకోండి. కొత్తదా, మార్చినదా? కేటాయించారా, కట్టారా? పట్టుబడినవారా, ప్రవేశించినవారా? మైళ్లా, కిలోమీటర్లా? ఆ మాట లేని అంకెను పక్కన పెట్టేయండి.

2. తేదీ వెతకండి. క్యాలెండర్ ఏడాదా, అమెరికా ఆర్థిక సంవత్సరమా? ఒక నెల అంకెను ఏడాది మొత్తానికి అంటగడుతున్నారా?

3. ఫొటోను గూగుల్ లెన్స్‌లో వెతకండి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోను సేవ్ చేసి, గూగుల్ యాప్‌లోని కెమెరా గుర్తు నొక్కి ఎంచుకుంటే చాలు. వీడియో అయితే స్పష్టంగా ఉన్న రెండు మూడు చోట్ల ఆపి స్క్రీన్‌షాట్ తీసి వెతకండి. ఫలితాల్లో అన్నిటికన్నా పాత తేదీ ఏదో చూడండి. ‘నిన్నటి’ వీడియో నాలుగేళ్ల కిందటే కనిపిస్తే ఇక తేలిపోయినట్టే.

4. ఫొటోలో ఆనవాళ్లు చూడండి. బోర్డుల మీద భాష, బండి నంబర్ ప్లేటు, యూనిఫాం, స్తంభాల గోడా నునుపు గోడా, చుట్టూ ఎడారా పచ్చదనమా.

5. అంకెకు మూలం చూడండి. సరిహద్దు గణాంకాలను సీబీపీ తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. చట్టాల పూర్తి పాఠం, ఎవరు ఎటు ఓటేశారన్నది అమెరికా కాంగ్రెస్ సైట్లలో ఉంటాయి. గోడ కోసం చట్టాలను పక్కన పెట్టే ఉత్తర్వులు అక్కడి గెజిట్ అయిన ఫెడరల్ రిజిస్టర్‌లో వస్తాయి. అన్నీ ఉచితమే.

6. నాయకుడి మాటను, ప్రభుత్వ రికార్డును ఒకటిగా తీసుకోవద్దు. ఫలానా ఆయన అలా అన్నారన్నది నిజం కావచ్చు. ఆయన అన్నది నిజమా అన్నది వేరే ప్రశ్న.

7. ఏఐ చాట్‌బాట్ చెప్పిందని ఆగిపోవద్దు. ఆ అంకె ఎక్కడిదో అడగండి, ఆ పేజీ మీరే తెరిచి చూడండి.

8. వాట్సాప్ మెసేజ్ పైన జంట బాణాల గుర్తు ఉంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. పంపినవారు తెలిసినవారే కావచ్చు, రాసినవారెవరో వాళ్లకీ తెలియదు.

ఎవరిని అడగాలి?

అమెరికా గోడ ప్రచారాల మీద పొలిటీఫ్యాక్ట్, ఫ్యాక్ట్‌చెక్ డాట్ ఆర్గ్, ఏపీ, రాయిటర్స్ పదేళ్లుగా రాస్తున్నాయి. తెలుగులో ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ సైట్లలో వెతకొచ్చు. పీఐబీ ఫ్యాక్ట్ చెక్ మన కేంద్ర ప్రభుత్వానికి సంబంధించిన ప్రచారాలనే పరిశీలిస్తుంది. భారతీయులను వెనక్కి పంపడంపై మన విదేశాంగ శాఖ పేరుతో ఏదైనా తిరుగుతుంటే అక్కడికి పంపండి. గోడ పొడవు ఎంతని మాత్రం వాళ్లను అడిగి ప్రయోజనం లేదు.

విదేశంలో ఉద్యోగం ఇప్పిస్తామనే ఏజెంటుకు లైసెన్స్ ఉందో లేదో విదేశాంగ శాఖ వారి ఈమైగ్రేట్ పోర్టల్‌లో చూడొచ్చు. రిజిస్టర్ కాని ఏజెంటు విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపడం 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం నేరం. హైదరాబాద్‌లో ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం ఉంది. మీవాళ్లు విదేశంలో ఇబ్బందుల్లో ఉంటే విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఆన్‌లైన్‌లో డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

మీ ఇంట్లో ఎవరైనా వీసాతో అమెరికాలో ఉంటే, గోడ మీద వచ్చే ఏ వార్తా వాళ్ల వీసాను మార్చదు. వీసా నిబంధనలు వేరే చట్టాలు, వేరే ఉత్తర్వులు. వాటి కోసం వాళ్ల యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్నో, కంపెనీ తరఫు ఇమిగ్రేషన్ లాయర్‌నో అడగమనండి. ఇక ‘గోడ పనులు ఆగాయి, రెండు నెలల్లో దాటించేస్తాం, అడ్వాన్స్ కట్టండి’ అనే మెసేజ్ వస్తే, గోడ ఎక్కడిదాకా వచ్చిందో తేల్చుకోవాల్సిన పనే లేదు. డబ్బు కట్టకండి. ఆ నంబర్‌ను బ్లాక్ చేసే ముందు స్క్రీన్‌షాట్ తీసి పోలీసులకు ఇవ్వండి.